రాసే చేయి వేరు, హద్దు గీసే చేయి వేరు: లాగ్ రొటేషన్ కథ

సర్వర్‌లో నడిచే దాదాపు ప్రతి ప్రోగ్రాం తాను చేసిన పనిని, తనకు ఎదురైన లోపాన్ని, తనను సంప్రదించిన వారి వివరాన్ని సమయంతో సహా ఒక ఫైల్ చివర వరుసగా రాసుకుంటూ పోతుంది. ఈ నమోదును లాగ్ అనీ, అది ఉండే ఫైల్‌ను లాగ్ ఫైల్ అనీ అంటారు. సర్వర్ ఎందుకు ఆగిపోయిందో, అనుమతి లేని వారెవరు లోపలికి రావాలని చూశారో, డిస్క్ ఏ క్షణాన మొరాయించిందో తెలుసుకోవడానికి నిర్వాహకుడికి చాలా సందర్భాల్లో మిగిలే ఆధారం ఇదొక్కటే. అయితే లాగ్ దానంతటదిగా పెరుగుతుందే తప్ప తరగదు. దాన్ని మోసే డిస్క్‌కు మాత్రం హద్దు ఉంది. ఆ హద్దు చేరిన రోజున డేటాబేస్ కొత్త వివరం రాయలేదు, మెయిల్ సర్వర్ కొత్త ఉత్తరం అందుకోలేదు, ఒక్కోసారి నిర్వాహకుడు లాగిన్ కావడమే కష్టమవుతుంది. లోపాన్ని పట్టుకోవడానికి పెట్టుకున్న నమోదే ఆ విధంగా పెద్ద లోపమై కూర్చుంటుంది.

ఈ ప్రమాదాన్ని తప్పించడానికి పుట్టిన ఏర్పాటే లాగ్ రొటేషన్. నడుస్తున్న లాగ్ ఫైల్‌ను కొంత కాలానికో, కొంత పరిమాణానికో పక్కకు తీసి, దాని స్థానంలో ఖాళీ ఫైల్‌ను ఉంచి, పక్కకు తీసిన వాటిని వరుస సంఖ్యలతో దాచి, వాటిలో అన్నిటికన్నా పాతదాన్ని చెరిపివేయడం ఈ పద్ధతి సారాంశం. చెప్పడానికి రెండు వాక్యాలైన ఈ పని 4 దశాబ్దాలుగా రూపం మార్చుకుంటూనే వస్తోంది. ఆ మార్పులన్నిటి వెనుకా ఒకే ప్రశ్న ఉంది: ఎంత రాయాలో, ఎంత మరచిపోవాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉండాలి? ఒకే యంత్రంలో ఒకరికొకరు తెలియని అనేకమంది వర్చువల్ మెషీన్లు నడుపుకునే కాలం వచ్చేసరికి ఈ ప్రశ్న భద్రతా సమస్యగా మారింది, దానికి దొరికిన సమాధానం రొటేషన్ స్వరూపాన్నే మార్చివేసింది.

బర్క్‌లీలో ఉమ్మడి నమోదు

1980ల తొలినాళ్లలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో ఎరిక్ ఆల్మన్ సెండ్‌మెయిల్ అనే ఉత్తరాల బట్వాడా ప్రోగ్రాంను తీర్చిదిద్దుతూ, దానికి తోడుగా సిస్‌లాగ్ అనే చిన్న సేవను రూపొందించారు. ఏ ప్రోగ్రాం అయినా తన సందేశాన్ని తానే ఫైల్‌లో రాసుకోకుండా సిస్‌లాగ్ డీమన్‌కు, అంటే తెర వెనుక నిరంతరం నడిచే ఒక ప్రోగ్రాంకు, అప్పగిస్తే చాలు; దాన్ని ఎక్కడ రాయాలో, ఎవరికి పంపాలో, అసలు రాయాలో వద్దో ఆ డీమనే తన సూచనల ఫైల్‌ను చూసి తేల్చుకుంటుంది. ప్రతి సందేశానికీ అది ఏ విభాగం నుంచి వచ్చిందో చెప్పే ఒక సంఖ్య, ఎంత తీవ్రమైనదో చెప్పే మరో సంఖ్య ఉంటాయి. తీవ్రతకు 0 నుంచి 7 వరకు 8 మెట్లు ఉండగా, 0 వ్యవస్థే పనికిరాకుండా పోయిన స్థితిని, 7 తప్పులు వెతికేటప్పుడు మాత్రమే పనికొచ్చే సూక్ష్మ వివరాన్ని సూచిస్తాయి. విభాగం సంఖ్యను 8తో గుణించి తీవ్రత సంఖ్యను కలిపితే సందేశపు ప్రాధాన్య సంఖ్య వస్తుంది గనుక, మెయిల్ విభాగం 2, లోపం తీవ్రత 3 అయిన సందేశం 19 అనే సంఖ్యతో బయలుదేరుతుంది.

ఈ సేవ సెండ్‌మెయిల్ పరిధిని దాటి యూనిక్స్ ప్రపంచమంతటా వ్యాపించింది. వాడుకలో స్థిరపడిన చాలా ఏళ్లకు, 2001 ఆగస్టులో, ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3164 అప్పటికే ఉన్న పద్ధతిని వర్ణించింది. 2009 మార్చిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 5424 దాన్ని క్రమబద్ధం చేసింది. చెప్పేవారిని, రాసేవారిని వేరు చేయడం సిస్‌లాగ్ సాధించిన మేలు. అయితే రాసేందుకు వేరే చేయి దొరికింది గానీ ఆ చేతికి హద్దు గీసేవారు ఇంకా లేరు. సందేశాలన్నీ ఒక చోటికి చేరడం వల్ల ఆ ఒక్క ఫైలే మరింత వేగంగా పెరగసాగింది.

పేరు మారినా రాత ఆగదు

లాగ్ ఫైల్‌ను పక్కకు తీయడం ఎందుకు తేలిక కాదో తెలియాలంటే యూనిక్స్ ఫైల్‌ను ఎలా చూస్తుందో గమనించాలి. మనిషికి ఫైల్ అంటే దాని పేరు. యూనిక్స్ కెర్నల్‌కు, అంటే యంత్రపు వనరులన్నిటినీ పర్యవేక్షించే మూల ప్రోగ్రాంకు, ఫైల్ అంటే ఐనోడ్ అనే ఒక నమోదు: ఆ ఫైల్ యజమాని ఎవరు, పరిమాణం ఎంత, దాని భాగాలు డిస్క్‌లో ఎక్కడెక్కడ ఉన్నాయి అనే వివరాల సంపుటి. పేరు ఆ ఐనోడ్‌కు దారి చూపే సూచిక మాత్రమే. ఒక ప్రోగ్రాం ఫైల్‌ను తెరిచినప్పుడు కెర్నల్ దానికి ఒక చిన్న సంఖ్యను ఇస్తుంది. ఫైల్ డిస్క్రిప్టర్ అని పిలిచే ఆ సంఖ్య నేరుగా తెరిచిన ఫైల్‌తోనే ముడిపడి ఉంటుంది గనుక, ఆ తర్వాత ప్రోగ్రాంకు పేరుతో పనే ఉండదు.

కొట్టులో చిట్టా నిండితే గుమాస్తా దాన్ని అటక ఎక్కించి కొత్త పుస్తకం తెరుస్తాడు, ఆ మార్పు చేసేది అతనే గనుక తర్వాతి పద్దు కొత్త పుస్తకంలోనే పడుతుంది. యూనిక్స్ ప్రోగ్రాంకు ఆ సంగతి దానంతటదిగా తెలియదు. పాత లాగ్ పేరు మార్చి అదే పేరుతో కొత్త ఫైల్ సృష్టించినా, ప్రోగ్రాం చేతిలో ఉన్న డిస్క్రిప్టర్ పాత ఐనోడ్‌నే చూపుతుంది, రాత అక్కడే సాగుతుంది, కొత్త ఫైల్ ఖాళీగా పడి ఉంటుంది. పాత ఫైల్‌ను చెరిపివేసినా ఫలితం ఉండదు, ఎందుకంటే పేరు పోయినా దాన్ని తెరిచి ఉంచిన ప్రోగ్రాం ఒక్కటి మిగిలి ఉన్నంత కాలం కెర్నల్ ఆ డిస్క్ స్థలాన్ని వెనక్కి తీసుకోదు. ఫైళ్ల పరిమాణాలన్నీ కూడితే డిస్క్‌లో చోటు ఉండాల్సి ఉండగా, డిస్క్‌నే అడిగితే నిండిపోయిందని చెప్పే పరిస్థితి సర్వర్ నిర్వాహకులకు తరచుగా ఎదురయ్యేది ఈ కారణంగానే. పేరులేని ఫైల్ ఒకటి కంటికి కనిపించకుండా పెరుగుతూ ఉంటుంది, దాన్ని పట్టుకున్న ప్రోగ్రాం ఆ ఫైల్‌ను మూసిన తర్వాత లేదా ఆగిపోయిన తర్వాతే స్థలం విడుదలవుతుంది.

పరిష్కారం సిగ్నల్ రూపంలో దొరికింది. సిగ్నల్ అంటే నడుస్తున్న ప్రోగ్రాంకు కెర్నల్ ద్వారా పంపే క్లుప్త సూచన. టెలిఫోన్ లైన్ మీద టెర్మినల్ కలిపి పనిచేసే రోజుల్లో లైన్ తెగిపోయిందని చెప్పడానికి సిగ్‌హప్ అనే సిగ్నల్ ఉండేది. ఏ టెర్మినల్‌కూ కట్టుబడని డీమన్లకు దాని అసలు అర్థంతో పనిలేదు గనుక, సూచనల ఫైల్‌ను మళ్లీ చదివి లాగ్ ఫైల్‌ను మూసి తెరవమనే ఆదేశంగా దాన్ని వాడుకోవడం ఆనవాయితీ అయింది. పేరు మార్చడం, ఖాళీ ఫైల్ సృష్టించడం, సిగ్నల్ పంపడం అనే ఈ మూడడుగుల వరుసను 1980ల చివర మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని ప్రాజెక్ట్ అథీనాలో థియొడోర్ త్సో రాసిన న్యూసిస్‌లాగ్ ప్రోగ్రాం ఒక చోట చేర్చింది. తర్వాత అది బర్క్‌లీ యూనిక్స్ నుంచి వచ్చిన బీఎస్‌డీ కుటుంబపు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో స్థిరపడింది.

లాగ్‌రొటేట్ ఏలుబడి

లినక్స్ వ్యాప్తి చెందిన 1990లలో రెడ్ హ్యాట్ సంస్థలో ఎరిక్ ట్రోన్, ప్రెస్టన్ బ్రౌన్ రాసిన లాగ్‌రొటేట్ ఈ పనికి దాదాపు పర్యాయపదంగా నిలిచింది. ఇది నిరంతరం నడిచే డీమన్ కాదు. నిర్ణీత వేళల్లో పనులు జరిపించే క్రాన్ అనే సేవ రోజుకొకసారి దీన్ని లేపుతుంది, అది తన సూచనలు చదివి, వంతు వచ్చిన ఫైళ్లను తిప్పి, ఏ ఫైల్‌ను చివరిసారి ఎప్పుడు తిప్పిందో ఒక చిన్న స్థితి ఫైల్‌లో రాసుకుని ముగిసిపోతుంది. రోజుకా, వారానికా, నెలకా, ఎన్ని పాత ప్రతులు ఉంచాలి, కుదించాలా వద్దా, కొత్త ఫైల్ ఎవరి పేరిట ఉండాలి అనే విషయాలను మాటకు మాటగా చదువుకోదగిన సూచనలలో రాయవచ్చు గనుక, ప్రతి సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ తన లాగ్‌లకు సంబంధించిన సూచనల ఫైల్‌ను వెంట తెచ్చుకునే సంప్రదాయం ఏర్పడింది.

ఈ సూచనల్లో ఒకటి, కాపీ-ట్రంకేట్, దగ్గరగా చూడదగినది. కొన్ని ప్రోగ్రాంలు సిగ్నల్ అందుకుని ఫైల్‌ను తిరిగి తెరవడం ఎరగవు. అలాంటి వాటి కోసం లాగ్‌రొటేట్ లాగ్‌లోని రాతనంతా మరో ఫైల్‌లోకి నకలు తీసి, అసలు ఫైల్‌ను సున్నా పరిమాణానికి కత్తిరిస్తుంది. ఐనోడ్ మారదు గనుక ప్రోగ్రాం ఏమీ ఎరగకుండా అదే ఫైల్‌లో రాస్తూ పోతుంది. ఈ ఉపాయానికి రెండు లొసుగులు ఉన్నాయి. నకలు పూర్తయిన క్షణానికీ కత్తిరించిన క్షణానికీ మధ్య రాసిన వరుసలు ఏ ఫైల్‌లోనూ మిగలవు. రెండోది, ప్రోగ్రాం ఫైల్‌ను చివర చేర్చే పద్ధతిలో తెరవకపోతే తాను ఎంత దూరం రాసిందో దాని లెక్క అలాగే ఉండిపోతుంది. 500 మెగాబైట్ల దగ్గర కత్తిరించినా తర్వాతి వరుసను అది 500 మెగాబైట్ల స్థానంలోనే రాస్తుంది, ముందున్న భాగమంతా శూన్య బైట్లతో నిండినట్టు కనిపిస్తుంది. అందుకే ఈ పద్ధతికి ఒప్పే ప్రోగ్రాం ప్రతి వరుసనూ అప్పటి ఫైల్ చివరకే చేర్చేదై ఉండాలి.

పక్కకు తీసిన ఫైళ్లను కుదించడం మరో ముఖ్య భాగం. జాన్-లూ గాయి, మార్క్ ఆడ్లర్ 1992లో అందించిన జీజిప్ ప్రోగ్రాం, అబ్రహాం లెంపెల్, జేకబ్ జీవ్ 1977లో ప్రతిపాదించిన సూత్రం మీద ఆధారపడి, వెనుక 32 కిలోబైట్ల మేర ఇంతకుముందు కనిపించిన పదబంధం మళ్లీ వస్తే దాన్ని తిరిగి రాయకుండా, ఎంత వెనుక ఎంత పొడవున అది ఉందో చెప్పే జంట సంఖ్యలతో సరిపెడుతుంది. లాగ్‌లో తేదీ, యంత్రం పేరు, ప్రోగ్రాం పేరు, ఒకే మూసలోని వాక్యాలు వరుస వరుసకూ పునరావృతమవుతాయి గనుక సాధారణ గద్యం కన్నా అది ఎంతో ఎక్కువగా కుదించుకుపోతుంది. అయితే పేరు మార్చిన తర్వాత కూడా ప్రోగ్రాం కొంతసేపు పాత ఫైల్‌లో రాస్తూ ఉండవచ్చు గనుక, తిప్పిన ఫైల్‌ను వెంటనే కాక తర్వాతి విడతలో కుదించే ఏర్పాటు కూడా లాగ్‌రొటేట్‌లో ఉంది.

ఈ పద్ధతి దశాబ్దాల పాటు నమ్మకంగా పనిచేసింది. ఆ నమ్మకం ఒక ఊహ మీద నిలిచింది: లాగ్ రాసే ప్రోగ్రాం నిర్వాహకుడి పక్షాన ఉంటుంది, అది ఒక రోజులో డిస్క్‌ను ముంచెత్తేంత రాయదు.

యంత్రంలో యంత్రం

ఆ ఊహ వర్చువల్ మెషీన్ల దగ్గర నిలవలేదు. వర్చువల్ మెషీన్ అంటే ఒక నిజమైన యంత్రం మీద సాఫ్ట్‌వేర్ సృష్టించే మరో యంత్రం. దానిలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్, అంటే గెస్ట్, తనకు సొంత ప్రాసెసర్, మెమరీ, డిస్క్ ఉన్నాయనే అనుకుంటుంది. ఆధారంగా నిలిచిన నిజమైన యంత్రాన్ని హోస్ట్ అనీ, ఈ పంపకాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అనీ అంటారు. ఐబీఎం కేంబ్రిడ్జ్ శాస్త్ర కేంద్రంలో రాబర్ట్ క్రీసీ బృందం రూపొందించిన, వర్చువల్ మెషీన్లను నడిపే సీపీ-40 వ్యవస్థ 1967 జనవరిలో వాడుకలోకి రాగా, 1972 ఆగస్టు 2న ఐబీఎం అదే తరహా వీఎం/370ని ప్రకటించింది. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ప్రచురించిన ప్రసిద్ధ పత్రం హైపర్‌వైజర్‌కు ఉండవలసిన మూడు గుణాలను నిర్దేశించింది: గెస్ట్‌కు నిజమైన యంత్రంతో సమానమైన వాతావరణం దొరకాలి, వేగంలో పెద్ద నష్టం ఉండకూడదు, వనరులన్నిటి మీదా హైపర్‌వైజర్‌కే పూర్తి అదుపు ఉండాలి. ఈ మూడో గుణమే లాగ్‌ల కథలో కీలకం.

ఫాబ్రీస్ బెల్లార్ 2003లో ఆరంభించిన క్యూఎము ప్రోగ్రాం డిస్క్, నెట్‌వర్క్ కార్డ్, సీరియల్ పోర్ట్ వంటి పరికరాలను సాఫ్ట్‌వేర్‌లో అనుకరిస్తుంది. అవీ కివిటీ నాయకత్వంలో క్యుమ్రానెట్ సంస్థ రాసిన కేవీఎం 2007 ఫిబ్రవరిలో లినక్స్ 2.6.20 వెర్షన్‌తో కెర్నల్‌లో భాగమై, ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయాన్ని క్యూఎముకు అందించింది. డేనియల్ వెయార్ 2005లో మొదలుపెట్టిన లిబ్‌వర్ట్ ఈ యంత్రాలను సృష్టించి, నడిపి, ఆపే నిర్వహణ పొరగా రూపొందింది. ఈ అమరికలో ప్రతి వర్చువల్ మెషీన్ హోస్ట్ దృష్టిలో ఒక క్యూఎము ప్రోగ్రాం మాత్రమే. ఆ ప్రోగ్రాం తన లోప సందేశాలను పంపే మార్గాన్ని లిబ్‌వర్ట్ ఆ యంత్రం పేరుతోనే ఉన్న లాగ్ ఫైల్‌కు కలుపుతుంది. యంత్రాన్ని ఏయే ఎంపికలతో ప్రారంభించారో తెలిపే సుదీర్ఘమైన ఆదేశ వరుస, పరికరాల అనుకరణలో తలెత్తిన హెచ్చరికలు, యంత్రం ఆగిన కారణం అందులో చేరతాయి. గెస్ట్ లోపల నడిచే సేవల లాగ్‌లు గెస్ట్ సొంత డిస్క్‌లోనే ఉంటాయి గనుక వాటి రొటేషన్ గెస్ట్ నిర్వాహకుడి బాధ్యత. యంత్రం పేరుతో హోస్ట్‌లో పెరిగే ఈ ఫైల్ మాత్రం హోస్ట్ డిస్క్ సొమ్ము.

అదుపు తప్పిన ఒక దారి

తొలినాళ్లలో ఈ ఫైళ్ల బాధ్యత కూడా లాగ్‌రొటేట్‌దే. వారానికొకసారి, ఫైల్ కనీసం 100 కిలోబైట్లు ఉంటేనే, కాపీ-ట్రంకేట్ పద్ధతిలో తిప్పి 4 పాత ప్రతులను ఉంచమని లిబ్‌వర్ట్‌తో వచ్చే సూచనలు చెప్పేవి. మామూలు రోజుల్లో ఇది చాలినంత ఏర్పాటే. కానీ ఆ ఫైల్‌లో ఎంత రాత పడుతుందన్నది నిజానికి ఎవరి చేతిలో ఉంది? క్యూఎము అనుకరించే పరికరాల్లో కొన్నిటికి గెస్ట్ చెల్లని ఆదేశం ఇచ్చినప్పుడు క్యూఎము ఒక హెచ్చరికను రాస్తుంది. గెస్ట్‌ను నడిపేది క్లౌడ్‌లో ఆ యంత్రాన్ని అద్దెకు తీసుకున్న, హోస్ట్ యజమానికి పరిచయం లేని వ్యక్తి. అతడు కావాలని చెల్లని ఆదేశాన్ని నిర్విరామంగా పంపితే హెచ్చరికలు నిర్విరామంగా హోస్ట్ డిస్క్ మీద పడతాయి. సెకనుకు 10 మెగాబైట్ల చొప్పున రాస్తే గంటకు 36 గిగాబైట్లు, 500 గిగాబైట్ల డిస్క్ 14 గంటల లోపే నిండిపోతుంది. వారానికొకసారి మేల్కొనే రక్షకుడు అప్పటికి నిద్రలోనే ఉంటాడు. రోజుకొకసారి మేల్కొన్నా ఆలస్యమే.

గెస్ట్‌కు కేటాయించిన మెమరీ, డిస్క్, ప్రాసెసర్ వాటాలను హైపర్‌వైజర్ ఎంతో జాగ్రత్తగా కట్టడి చేసింది గానీ, లాగ్ అనే పక్కదారిలో హోస్ట్ డిస్క్ హద్దు లేకుండా గెస్ట్‌కు దక్కింది. పోపెక్, గోల్డ్‌బర్గ్ చెప్పిన మూడో గుణం ఇక్కడ భంగమైంది. ఆ హోస్ట్ మీద నడిచే మిగతా యంత్రాలన్నీ అదే డిస్క్‌ను నమ్ముకుని ఉంటే ఒకరి చేష్టకు అందరూ మూల్యం చెల్లించాలి. భద్రతా లోపాల అంతర్జాతీయ పట్టికలో ఇది సీవీఈ-2014-3672 అనే సంఖ్యతో నమోదైంది, 1.3.0కు ముందున్న లిబ్‌వర్ట్ వెర్షన్లతో పాటు జెన్ అనే మరో హైపర్‌వైజర్ కూడా దీని బారిన పడినట్టు ఆ నమోదు పేర్కొంది.

వర్ట్‌లాగ్‌డీ: మధ్యలో నిలిచిన కావలి

2015 డిసెంబరులో విడుదలైన లిబ్‌వర్ట్ 1.3.0తో వర్ట్‌లాగ్‌డీ అనే కొత్త డీమన్ వచ్చింది. దీని ఏర్పాటులో క్యూఎము చేతికి లాగ్ ఫైలే అందదు. దానికి అందేది ఒక పైప్ కొస మాత్రమే. పైప్ అంటే ఒక ప్రోగ్రాం ఒక చివర రాస్తే మరో ప్రోగ్రాం రెండో చివర చదువుకునేలా కెర్నల్ కల్పించే మార్గం, లినక్స్‌లో దాని మామూలు సామర్థ్యం 64 కిలోబైట్లు. రెండో కొస వర్ట్‌లాగ్‌డీ చేతిలో ఉంటుంది, ఫైల్‌ను తెరిచేదీ, రాసేదీ, తిప్పేదీ అదే. రాయడానికి తెరిచిన ఫైల్‌ను చేతికిస్తే దాన్ని కత్తిరించే అవకాశాన్ని కూడా ఇచ్చినట్టే; పైప్‌ను చేతికిస్తే రాయగలగడం తప్ప మరే శక్తీ ఇచ్చినట్టు కాదు. ఈ డీమన్‌ను లిబ్‌వర్ట్ ప్రధాన సేవ నుంచి వేరుగా ఉంచడానికి కారణం కూడా పైప్ స్వభావమే: ప్రధాన సేవను నిర్వాహకుడు ఏ సమయంలోనైనా ఆపి మొదలుపెట్టవచ్చు, పైప్ కొసను పట్టుకున్న ప్రోగ్రాం మాత్రం వర్చువల్ మెషీన్ బతికున్నంత కాలం బతికి ఉండాలి.

రొటేషన్ ఇక్కడ గడియారాన్ని వదిలి బైట్ల లెక్కను పట్టుకుంది. వర్ట్‌లాగ్‌డీ సూచనల ఫైల్‌లో రెండు విలువలు ముఖ్యమైనవి: ఒక ఫైల్ గరిష్ఠ పరిమాణం 2,097,152 బైట్లు, అంటే 2 మెగాబైట్లు, ఉంచవలసిన పాత ప్రతులు 3. నడుస్తున్న ఫైల్ ఆ పరిమాణాన్ని చేరిన క్షణానే పాత ప్రతుల పేర్లు ఒక్కో సంఖ్య వెనక్కి జరుగుతాయి, 2 సంఖ్య గల ప్రతి చెరిగిపోతుంది, నడుస్తున్న ఫైల్ 0 సంఖ్యను పొందుతుంది, కొత్త ఫైల్ మొదలవుతుంది. రాసేదీ తిప్పేదీ ఒకే ప్రోగ్రాం గనుక సిగ్నల్‌తో పనిలేదు, కాపీ-ట్రంకేట్‌లో జారిపోయే వరుసలూ లేవు. ఎంత దుష్టుడైన గెస్ట్ ఎంత వేగంగా రాసినా ఒక లాగ్ 8 మెగాబైట్లకు మించదు. 200 వర్చువల్ మెషీన్లున్న హోస్ట్‌లో ఈ ఫైళ్లన్నీ కలిసి గరిష్ఠంగా 1,600 మెగాబైట్లు. నిర్వాహకుడు ముందుగానే లెక్క కట్టగలిగిన ఈ సంఖ్యే ఆ రూపకల్పన అసలు విజయం.

ఆ ప్రోగ్రాం లోపలి ఒక చిన్న శ్రద్ధ గమనించదగినది. ఫైల్ హద్దు సరిగ్గా ఒక వాక్యం మధ్యలో పడితే సగం ఒక ఫైల్‌లోనూ మిగతా సగం మరో ఫైల్‌లోనూ చిక్కుకుంటుంది. అందుకని వర్ట్‌లాగ్‌డీ హద్దు దాకా రాయబోయే భాగపు చివరి 80 అక్షర స్థానాల్లో వరుస ముగింపు గుర్తు ఉందేమోనని వెనక్కి చూసి, ఉంటే అక్కడే ఆగి, మిగిలిన భాగాన్ని కొత్త ఫైల్‌లో మొదలుపెడుతుంది. చివరికి ఈ ఫైల్‌ను చదివేది ఏ అర్ధరాత్రో సమస్య వెతుక్కుంటున్న మనిషి అని గుర్తుంచుకున్న రాత అది.

ఇక ఈ డీమన్‌నే కొత్త వెర్షన్‌కు మార్చవలసి వస్తే? ఆపితే పైప్ తెగుతుంది, ఆ తర్వాత నడుస్తున్న యంత్రాలు పలికే హెచ్చరికలేవీ నమోదు కావు. దీనికోసం దానికి సిగ్‌యూజర్1 అనే సిగ్నల్ పంపితే, తాను పట్టుకున్న పైపుల, ఫైళ్ల జాబితాను ఒక చిన్న ఫైల్‌లో రాసి, డిస్క్రిప్టర్లను మూయకుండానే తన స్థానంలో కొత్త వెర్షన్‌ను నిలుపుతుంది; యూనిక్స్‌లో ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాంగా మారినా తెరిచిన డిస్క్రిప్టర్లు నిలిచి ఉండగలవనే పాత గుణాన్ని ఇది వాడుకుంటుంది.

హద్దుకు చెల్లించే ధర

పరిమాణానికి హద్దు గీయడం అంటే కాలానికి హామీ ఇవ్వలేకపోవడం. 8 మెగాబైట్ల లాగ్ ప్రశాంతమైన యంత్రంలో ఏళ్ల చరిత్రను మోయగలదు; సెకనుకు 10 మెగాబైట్లు రాసే యంత్రంలో సెకను చరిత్రను కూడా మోయలేదు. డిస్క్‌ను నింపలేని దాడిదారుడు వృథా సందేశాలను కుమ్మరించి తన పాత జాడలను హద్దు బయటికి నెట్టివేయగలడు. పైగా పైప్ చిన్నది గనుక, చదివే డీమన్ నెమ్మదిస్తే రాసే ప్రోగ్రాం ఆగి ఎదురుచూడవలసి వస్తుంది. నేరుగా ఫైల్‌లో రాసే పాత పద్ధతిని కూడా లిబ్‌వర్ట్ ఎంపికగా మిగిల్చింది, అప్పుడు ఫైల్ పెరుగుదలను కట్టడి చేసే భారం తిరిగి నిర్వాహకుడి మీదే పడుతుంది.

ఇదే కాలంలో ఇతర వ్యవస్థలు కూడా ఇదే దిశలో నడిచాయి. 2011లో లెన్నార్ట్ పోయెట్టరింగ్, కే సీవర్స్ ప్రతిపాదించిన, లినక్స్ సేవలను నడిపే సిస్టమ్‌డీలో భాగమైన జర్నల్ సందేశాలన్నిటినీ తానే అందుకుని, డిస్క్ విభాగంలో 10 శాతం, గరిష్ఠంగా 4 గిగాబైట్లు అనే పరిమితిని సహజ విలువగా పాటిస్తుంది. కంటైనర్లను నడిపే కుబర్నెటిస్ ఒక్కో కంటైనర్ లాగ్‌ను 10 మెగాబైట్ల వద్ద తిప్పి 5 ఫైళ్లను ఉంచడాన్ని సహజ విలువగా పెట్టుకుంది. సంఖ్యలు వేరైనా సూత్రం ఒక్కటే: రాసేవారి వేగంతో నిమిత్తం లేకుండా మొత్తం పరిమాణం ముందే తేలిపోవాలి.

చట్టం మాత్రం కాలాన్ని అడుగుతుంది. భారతదేశంలో సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం సేవా సంస్థలు, డేటా సెంటర్లు, కంపెనీలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను కదిలే 180 రోజుల కాలానికి భద్రపరచాలి, యంత్రాల గడియారాలను నిర్దేశిత కాల సర్వర్లతో సరిచూసుకోవాలి. అదే ఏడాది నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్ రీజియన్‌ను, అంటే అక్కడి తన డేటా సెంటర్ల సముదాయాన్ని, ప్రారంభించింది. ఈ డేటా సెంటర్లలో వర్చువల్ మెషీన్లను అద్దెకు తీసుకున్న తెలుగు నేల సంస్థలకు ఈ ఆదేశం నిత్యం పాటించవలసిన నియమం. గడియారాల ప్రస్తావన యాదృచ్ఛికం కాదు: కొంతసేపు ఆపి ఉంచిన వర్చువల్ మెషీన్ గడియారం వెనుకబడవచ్చు, పాత సిస్‌లాగ్ రూపంలోని సమయంలో సంవత్సరమే ఉండదు. డిసెంబరులో రాసిన వరుసను జూన్‌లో విప్పి చూసేవారికి ఆర్‌ఎఫ్‌సీ 5424 నిర్దేశించిన సంవత్సరం, కాలమండలం గల సమయమే నిలకడైన ఆధారం.

పరిమాణపు హద్దు, కాలపు హామీ అనే ఈ రెండు కోరికలను ఒకే ఫైల్ తీర్చలేదు గనుక వాటిని రెండు చోట్ల తీర్చడమే సరైన పద్ధతి. హోస్ట్‌లో చిన్న హద్దుతో వేగంగా తిరిగే లాగ్ ఉండాలి. అది తిరిగేలోగా ప్రతి వరుసా నెట్‌వర్క్ మీదుగా వేరే యంత్రానికి చేరి, అక్కడ కుదించుకుని, రాసిన యంత్రం చేతికి అందకుండా నిర్ణీత రోజులు నిలవాలి. స్థానిక హద్దును మామూలు రోజు సగటును చూసి కాక, సమస్య వచ్చిన రోజున రాత ఎంత వేగంగా సాగుతుందో, దూరపు యంత్రంతో సంబంధం ఎంతసేపు తెగిపోవచ్చో గుణించి నిర్ణయించాలి.

సిస్‌లాగ్ చెప్పేవారిని రాసేవారి నుంచి వేరు చేసింది, లాగ్‌రొటేట్ రాసేవారిని చెరిపేవారి నుంచి వేరు చేసింది, వర్ట్‌లాగ్‌డీ నమ్మదగని రచయిత చేతి నుంచి ఫైల్‌నే తీసివేసింది. ఈ మూడు అడుగులూ ఒకే పాఠాన్ని క్రమక్రమంగా స్థిరపరిచాయి: నమోదు ఎంత అవసరమో దాని హద్దు అంతే అవసరం, ఆ హద్దును గీసే అధికారం నమోదుకు కారణమైన వారి చేతిలో ఎన్నడూ ఉండకూడదు. కొత్త సేవను రూపొందించే ఇంజినీరు, దాని మొదటి వరుస లాగ్‌లో పడకముందే, ఇది గరిష్ఠంగా ఎంత పెరగగలదు, ఎవరు ఆపుతారు, చెరిగిపోయేలోగా ఎక్కడికి చేరుతుంది అనే మూడు ప్రశ్నలకు సమాధానం రాసి ఉంచితే, డిస్క్ నిండి సేవలు ఆగిపోయే ప్రమాదం చాలావరకు అక్కడే తప్పిపోతుంది.